వాల్వు మారిస్తే నాదం మారుతుందా?

గిటారు వాయించేవాళ్లు నలుగురు చేరిన చోట ఓ పావుగంట కూర్చుని చూడండి. మాట తీగల మీద నుంచి వేళ్ల మీదికి, వేళ్ల మీద నుంచి యాంప్లిఫయరు మీదికి, చివరకు దాని లోపల ఎర్రగా వెలిగే గాజు బుడ్ల మీదికి వస్తుంది. ఒకరు ఈఎల్34లో ఉన్న కసి 6ఎల్6లో లేదంటారు. ఇంకొకరు ఈఎల్84 గాజు గజ్జెలా మోగుతుందంటారు. మరొకరు ఇవన్నీ కావు, అరవై ఏళ్ల కిందటి వాల్వు దొరికితే అదే అసలు నాదమంటారు. ఈ మాటల్లో విజ్ఞానశాస్త్రం ఎంత, విన్నమాట ఎంత? ఈ వ్యాసంలో పరిశీలించబోయేది అదే.

పరిశీలనకు కారణమైన ప్రశ్న సూరత్ నుంచి వచ్చింది. ఆ నగరంలోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మన తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయని పాఠకులకు తెలిసే ఉంటుంది. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. అలాంటి ఒక నేత కుటుంబంలోని కుర్రాడు నవరాత్రుల్లో గర్బా వాద్యబృందాలతో గిటారు వాయిస్తాడు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక వాల్వు యాంప్లిఫయరు సంపాదించాడు. అతని ప్రశ్న ఇది: "సార్, వాల్వు మారిస్తే సౌండు మారుతదంటున్నరు. పాత వాల్వు ఒకటుంది, కొనాల్నా వద్దా? ఒక దోస్తు దగ్గర తెచ్చి పెట్టి మా బాపుకు వినిపించిన. ఆయనకు రెండూ ఒక్కతీరే ఉన్నయట."

అమ్మే మనిషి చెప్పిన ధర ఆ తండ్రి నెల కూలిని మించి ఉంది. కనుక ఇది తీరిక కబుర్లతో తేల్చే విషయం కాదు.

వాల్వు లోపల ఏం జరుగుతుంది?

శూన్యనాళిక పని చేసే తీరు చాలా సులువు. గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక కాథోడ్ ఉంటుంది. దాన్ని వేడి చేస్తే ఎలక్ట్రాన్లు బయటికి దూకుతాయి. ఎదురుగా ఉన్న ఆనోడ్‌కు ఎక్కువ ధన వోల్టేజి ఇస్తే అవి అటు పరుగెత్తుతాయి. 1904లో ఫ్లెమింగ్ చేసిన డయోడ్ ఇంతే. 1906లో లీ డిఫారెస్ట్ ఈ రెంటి మధ్య గ్రిడ్ అనే తీగల జల్లెడను నిలబెట్టాడు. గ్రిడ్ మీద వోల్టేజి కొద్దిగా మారితే ఎలక్ట్రాన్ల ప్రవాహం బాగా మారుతుంది. కాలువ తూమును కొద్దిగా తిప్పితే పొలానికి పారే నీరు ఎంతో మారినట్టన్న మాట. గిటారు తీగ పుట్టించే చిన్న సంకేతం తూమును తిప్పే చెయ్యి. స్పీకరుకు అందే పెద్ద సంకేతం కాలువ నీరు. మూడు భాగాలున్న ఈ వాల్వే ట్రయోడ్.

ఆ తర్వాత ఆనోడ్‌కు, గ్రిడ్‌కు మధ్య తెర గ్రిడ్‌ను చేర్చి టెట్రోడ్ చేశారు. అందులో ఒక చిక్కు వచ్చింది. ఎలక్ట్రాన్లు ఆనోడ్‌ను గట్టిగా తాకినప్పుడు మరికొన్ని ఎలక్ట్రాన్లు అక్కడి నుంచి చింది తెర గ్రిడ్ వైపు పోయేవి. 1926లో ఫిలిప్స్ సంస్థలో బెర్నార్డ్ టెలెగెన్ మూడో గ్రిడ్ పెట్టి వాటిని వెనక్కి మళ్లించాడు. అది పెంటోడ్. ఈఎల్34, ఈఎల్84 ఈ కుటుంబానివి. ఫిలిప్స్ పేటెంటును తప్పించుకోవడానికి ఇతరులు వేరే దారి వెతికారు. మూడో గ్రిడ్ లేకుండా ఎలక్ట్రాన్లను పలకల్లాంటి పుంజాలుగా మలిచి అదే ఫలితం సాధించారు. 1936లో ఆర్‌సీఏ విడుదల చేసిన 6ఎల్6 అలాంటి పుంజ టెట్రోడే. 6వి6, కేటీ66, కేటీ88 దాని జ్ఞాతులు.

ఇక యాంప్లిఫయరులో వాల్వులు రెండు చోట్ల ఉంటాయి. ముందుభాగంలో చిన్న ట్రయోడ్లు గిటారు సంకేతానికి వోల్టేజి పెంచుతాయి. వెనుకభాగంలో పెద్ద పెంటోడ్లో, పుంజ టెట్రోడ్లో స్పీకరును కదిపే శక్తినిస్తాయి. ఈ తేడా గుర్తుంచుకోండి. వాల్వుల గురించి వినిపించే మాటల్లో గందరగోళం సగానికి సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చిందే.

మొదటి మాట: "సరి అనుస్వరాలే తీపి"

గిటారు ఐదో తీగను మీటితే సెకనుకు 110 కంపనాల నాదం వస్తుంది. దాన్ని షడ్జమం అనుకుందాం. యాంప్లిఫయరు హద్దు దాటి సంకేతం అంచులు నలిగినప్పుడు ఈ నాదానికి అనుస్వరాలు తోడవుతాయి. రెండోది 220 హెర్ట్జ్, పై స్థాయి షడ్జమం. మూడోది 330, ఆ స్థాయిలో పంచమం. నాలుగోది 440, మళ్లీ షడ్జమమే. ఐదోది 550, అంతర గాంధారం. ఏడోది 770 ఏ స్వరస్థానంలోనూ సరిగా ఇమడదు. అంతకంటే పైవి దగ్గర దగ్గరగా వచ్చి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గరగరలాడతాయి.

వాల్వులు సరి అనుస్వరాలనిస్తాయి గనుక తియ్యగా ఉంటాయని, ట్రాన్సిస్టర్లు బేసి అనుస్వరాలనిస్తాయి గనుక కరకుగా ఉంటాయని మీరు వినే ఉంటారు. ఈ మాటకు మూలంగా తరచు చూపేది 1973లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో రస్సెల్ హామ్ ప్రచురించిన వ్యాసం. దాని విలువను తక్కువ చేయనక్కరలేదు. అంతవరకు ఇంజనీర్లు పరికరాలను మామూలు స్థాయిలో కొలిచి, రెంటికీ తేడా లేదని ఊరుకునేవారు. నిజమైన సంగీతంలో క్షణకాలపు ఉచ్ఛస్థాయిలు ఆ హద్దును దాటుతుంటాయని, అక్కడ కొలవాలని హామ్ పట్టుబట్టాడు. అలా కొలిచినప్పుడు ట్రయోడ్‌లో రెండో అనుస్వరం ముందుకు రావడం, ట్రాన్సిస్టర్ పరికరంలో మూడోది ముందుకు రావడం కనిపించింది.

అయితే ఆయన కొలిచింది మైక్రోఫోన్ ప్రీయాంప్లిఫయర్లను. గిటారు యాంప్లిఫయరు వెనుకభాగాన్ని కాదు. పైగా ఆయన పోల్చిన పరికరాల్లో వాల్వు ఒక్కటే కాదు, సర్క్యూట్ అంతా వేరు. వ్యాసాన్ని ఉదహరించేవారు ఈ రెండు సంగతులూ వదిలేసి, ఫలితాన్ని మాత్రం అన్ని వాల్వులకూ అంటగట్టారు.

అందులో లోపమేమిటో చూడండి. పేరున్న పెద్ద గిటారు యాంప్లిఫయర్ల వెనుకభాగం దాదాపు ఎప్పుడూ పుష్-పుల్ పద్ధతిలో ఉంటుంది. రెండు వాల్వులు రంపం లాగే ఇద్దరు మనుషుల్లా ఒకరి తర్వాత ఒకరు పని చేస్తారు. ఈ అమరికలో ఆ వాల్వులు పుట్టించే సరి అనుస్వరాలు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేవి ప్రధానంగా బేసివే. అంటే ఫెండర్ బాస్‌మన్, వాక్స్ ఏసీ30, మార్షల్ వంటి వాటిని గట్టిగా మోగించినప్పుడు జనం మెచ్చుకునే ఆ వెనుకభాగపు నాదం బేసి అనుస్వరాల నాదం! సరి అనుస్వరాలు ముందుభాగంలోని ట్రయోడ్ల నుంచి వస్తాయి.

కాబట్టి తీపికీ కరకుకూ సరి-బేసి లెక్క చాలదు. మూడో అనుస్వరం బేసిదే అయినా పంచమం, చెవికి హితమే. గుచ్చుకునేవి ఏడు, తొమ్మిది, పదకొండు వంటి పై అనుస్వరాలు. తరంగం అంచు నెమ్మదిగా వంగితే ఇవి తక్కువ. కత్తితో కోసినట్టు తెగితే ఎక్కువ. ఎలా వంగాలో నిర్ణయించేది వాల్వు ఒక్కటే కాదు. అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి పంపే రుణ పునర్భరణం ఎక్కువగా ఉంటే వాల్వు యాంప్లిఫయరు కూడా అంచును కోసేస్తుంది. ఏసీ30లో వెనుకభాగానికి ఆ పునర్భరణం లేదు. దాని నాదానికి నాలుగు ఈఎల్84లు ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

నాదాన్ని కావాలని ఇలా "చెడగొట్టడం" మనకు కొత్తదీ కాదు. తంబురా మెట్టు మీద తీగ కింద దూదిదారమో పట్టుదారమో పెట్టి జీవాళి పలికించడం ఇదే పని. ఆ వంపు మెట్టు మీద తీగ ఒరుసుకోవడం వల్ల అనుస్వరాలు ఎలా పుష్కలంగా పుడతాయో సి.వి. రామన్ 1921లోనే చర్చించారు. ఒక్క పోగు దారంతో నాదం మారుతుందంటే నేతపని వారికి ఆశ్చర్యం ఉండకూడదు.

రెండో మాట: "ఈఎల్34 బ్రిటిష్, 6ఎల్6 అమెరికన్"

ఈ రెండింటి మధ్య కొలవదగ్గ తేడాలున్నాయి. గ్రిడ్ మీద ఒక వోల్టు మారితే ఈఎల్34లో సుమారు 11 మిల్లీ ఆంపియర్ల కరెంటు మారుతుంది. 6ఎల్6లో దాదాపు 6. అంటే ఒకే సంకేతానికి ఈఎల్34 త్వరగా హద్దు చేరి, త్వరగా నలుగుతుంది. ఆనోడ్ భరించగల వేడి ఈఎల్34కు 25 వాట్లు, తర్వాతి కాలపు 6ఎల్6జీసీకి 30 వాట్లు. ఈఎల్84కు 12 మాత్రమే. అందుకే రెండు ఈఎల్84ల యాంప్లిఫయరు పదిహేను, పద్దెనిమిది వాట్ల దగ్గర ఆగిపోతే, రెండు ఈఎల్34లది యాభై వాట్లు ఇస్తుంది. చిన్న యాంప్లిఫయరు తక్కువ ధ్వనికే నలగడం మొదలుపెడుతుంది. దీన్ని వాల్వు "గుణం" అనడం కంటే వాల్వు పరిమాణం అనడమే న్యాయం.

చరిత్ర చూస్తే ఈ దేశాల ముద్ర ఇంకా పలచబడుతుంది. 1962లో లండన్ దగ్గర హాన్‌వెల్‌లోని జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన మొదటి యాంప్లిఫయరు ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌కు దాదాపు నకలు. మొదట్లో వాడింది 6ఎల్6 జాతికే చెందిన 5881. తర్వాత కేటీ66. 1960ల రెండో సగంలో గాని ఈఎల్34 రాలేదు. 1966లో ఎరిక్ క్లాప్టన్, జాన్ మేయాల్ బృందంతో చేసిన రికార్డులోని ఆ ప్రసిద్ధ మార్షల్ నాదం కేటీ66లది, ఈఎల్34ది కాదు. 1970లలో అమెరికాలో అమ్మిన మార్షల్‌లు అనేకం 6550 వాల్వులతో వెళ్లాయి. వాటిని విన్నవారు మార్షల్ కాదనలేదు. ఇక వాక్స్ ఏసీ30 కూడా బ్రిటిషే గదా, అది మార్షల్‌లా ఎందుకు పలకదు?

బాస్‌మన్‌కూ మార్షల్‌కూ వాల్వు పేరు కంటే పెద్ద తేడాలు వేరే ఉన్నాయి. బాస్‌మన్‌లో నాలుగు పదంగుళాల స్పీకర్లు వెనుక తెరిచిన పెట్టెలో ఉంటాయి. మార్షల్‌లో నాలుగు పన్నెండంగుళాల స్పీకర్లు మూసిన పెట్టెలో ఉంటాయి. బాస్‌మన్ తొలి ట్రయోడ్ 12ఏవై7. దాని ప్రవర్ధన గుణకం 44 దాపుల. మార్షల్‌లో ఆ స్థానంలో ఇసిసి83, గుణకం 100. ముందుగదిలోనే సంకేతం రెట్టింపుకు పైగా పెరిగితే తర్వాతి గదులన్నీ ముందే నలగవా? పేరు మాత్రం వెనుక వాల్వుకు వచ్చింది.

ముందుభాగంలో వాల్వు మార్చి చూసేవారు కూడా ఈ సంగతి గమనించాలి. ఇసిసి83 తీసి ఇసిసి82 పెడితే "నాదం మెత్తబడింది" అంటారు. మామూలు సర్క్యూట్‌లో మొదటిది సంకేతాన్ని 60 రెట్ల దాకా పెంచితే, రెండోది 15 రెట్ల దాపుల పెంచుతుంది. మెత్తబడక ఏమవుతుంది? వాల్యూము మీట తగ్గించి అదే ఫలితంలో చాలా భాగం ఉచితంగా పొందవచ్చు.

మూడో మాట: "పాత వాల్వే మేలు"

పాత వాల్వుల ఖ్యాతి పూర్తిగా కల్ల కాదు. వాల్వుల వాడుక ఎక్కువగా ఉన్న రోజుల్లో వాటి తయారీ పెద్ద పరిశ్రమ. లోహాల శుద్ధి, శూన్యం నాణ్యత, పరీక్ష అన్నీ కట్టుదిట్టంగా సాగేవి. మన దేశంలోనే బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టింది. దాని ఇసిసి83, ఈఎల్84లను విదేశాల్లో నేటికీ వెతికి కొనేవారున్నారు. ఇప్పుడు గిటారు వాల్వులు ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచే వస్తున్నాయి. 2022లో రష్యా ఎగుమతుల మీద ఆంక్షల వార్త రాగానే ధరలు ఎలా ఎగిరాయో వాద్యకారులకు గుర్తే.

కాని మంచి తయారీకీ మంచి నాదానికీ మధ్య ఒక మెట్టు ఉంది. దాన్ని దాటి దూకకూడదు. మంచి తయారీ అంటే వాల్వు ఎక్కువ కాలం నిలుస్తుంది, రొద తక్కువ, కుదుపుకు గణగణమనదు. ఇవి విలువైన లక్షణాలే. నాదం వేరుగా ఉంటుందా అంటే, ఒకే పేరున్న రెండు కొత్త వాల్వుల మధ్య కూడా కొలతల్లో తేడా ఉంటుంది. ఆ తేడాను పాతదనానికి జమ కట్టడం తొందరపాటు. పైగా పాతదని అమ్మేది వాడి తీసినదైతే దాని కాథోడ్ ఆయువు ఎంత మిగిలిందో బయటికి కనిపించదు.

లెక్కలోకి రానివాళ్లు

నాటకంలో నాయకుడికే చప్పట్లు. గిటారు యాంప్లిఫయరులో నాయకుడు వెలిగే వాల్వు. స్పీకరు చీకట్లో ఉంటుంది. నాదాన్ని అన్నిటికంటే ఎక్కువగా మలిచేది మాత్రం అదే. పన్నెండంగుళాల గిటారు స్పీకరు 5,000 హెర్ట్జ్ దాటాక చప్పున పడిపోతుంది. ఆ గరగరలాడే పై అనుస్వరాలను వడగట్టేది అదే. పెంటోడ్ వెనుకభాగం, పునర్భరణం తక్కువైనప్పుడు, స్పీకరు నిరోధాన్ని అనుసరించి ప్రవర్తిస్తుంది. స్పీకరు అనునాదం చెందే 80, 100 హెర్ట్జ్ దాపుల, మళ్లీ పై పౌనఃపున్యాల దగ్గర, నాదం ఉబ్బుతుంది. "వాల్వు వెచ్చదనం" అని మురిసే దానిలో కొంత ఈ ఇద్దరి కాపురం ఫలితం. ఒక్కరికే కట్టబెట్టలేం.

మీరే పరీక్షించండి

ఇదంతా నమ్మమని అనడం లేదు. పరీక్ష చేయండి. గిటారు సంకేతాన్ని యాంప్లిఫయరు లేకుండా ముందే రికార్డు చేసుకోండి. దాన్నే రెండు వాల్వులతోనూ యాంప్లిఫయరులోకి పంపి, మైకును అంగుళం కూడా కదల్చకుండా, స్పీకరు ధ్వనిని రికార్డు చేయండి. రెండింటి ధ్వని స్థాయిని సమానం చేయండి. ఇది మరవకూడదు, కొంచెం గట్టిగా వినిపించినదే మేలైనదిగా తోస్తుంది. తర్వాత ఒక స్నేహితుడు నాణెం ఎగరేసి, మీకు తెలియకుండా, ఏదో ఒకటి వినిపించాలి. ఏది ఏదో మీరు చెప్పాలి. పది సార్లు.

పదికి ఏడు సరిగ్గా చెబితే పొంగిపోకండి. గుడ్డిగా చెప్పినా ఏడు గాని అంతకు మించి గాని సరిపోయే అవకాశం నూటికి 17. తొమ్మిదో పదో చెబితే నూటికి ఒకటే. అప్పుడు మీ చెవికి తేడా తెలుస్తోందని ఒప్పుకోవచ్చు.

ఒక హెచ్చరిక. యాంప్లిఫయరు లోపల 300 నుంచి 500 వోల్టులుంటాయి. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుదావేశం నిలిచి ఉంటుంది. అలాగే 6ఎల్6 చోట ఈఎల్34ను ఊరికే గుచ్చకూడదు. దాని హీటరుకు 0.9 బదులు 1.5 ఆంపియర్లు కావాలి, మూడో గ్రిడ్ కాలు వేరు, బయాస్ వేరు. తెలిసిన మెకానిక్ చేతనే చేయించండి.

తండ్రి చెవి

ఇక ఆ కుర్రాడి తండ్రి సంగతి. "ఒక్కతీరే ఉన్నయి" అన్న ఆయన మాటకు రెండు అర్థాలుండవచ్చు. నిజంగానే తేడా లేకపోవచ్చు. లేదా తేడా ఉన్నచోట ఆయన చెవి పని చేయకపోవచ్చు.

నాడె మరమగ్గాల షెడ్డులో ధ్వని సాధారణంగా 90, 100 డెసిబెల్‌ల మధ్య ఉంటుంది. మన కర్మాగారాల నిబంధనల ప్రకారం ఎనిమిది గంటల పనికి 90 హద్దు. సాంచాల నడుమ ఏళ్ల తరబడి పనిచేసిన వారికి వినికిడి తగ్గడం మొదలయ్యేది సాధారణంగా 4,000 హెర్ట్జ్ దాపుల. రెండు వాల్వుల నలుగుడులో తేడా తెలిసే అనుస్వరాలు చాలావరకు ఆ చుట్టుపక్కలవే! తండ్రి వినలేదని కొడుకు చిన్నబుచ్చుకున్నాడు. తప్పు వాల్వుది కాకపోవచ్చు, వాయించిన చేతిది కాకపోవచ్చు. అది షెడ్డు తీసుకున్న కూలి.

కుర్రాడికీ ప్రమాదం లేకపోలేదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం 100 డెసిబెల్‌లను రోజుకు పావుగంటకు మించి వినకూడదు. వెనుక వాల్వులు నలిగేదాకా పెంచిన యాభై వాట్ల యాంప్లిఫయరు పక్కన ఒక గర్బా రాత్రి ఎన్ని పావుగంటలో లెక్క వేసుకోండి.

అతనికి రాసిన జవాబు చిన్నది. పాత వాల్వు కొనవద్దు. ఉన్నది అరిగిపోతే ఇప్పుడు దొరికే మంచి వాల్వు చాలు. డబ్బు మిగిలితే ముందు స్పీకరు చూసుకో. అన్నిటికంటే ముందు చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు రెండు జతలు కొను, ఒకటి నీకు, ఒకటి బాపుకు. వీలైతే ఆయన్ను ఆస్పత్రికి తీసుకెళ్లి వినికిడి పరీక్ష చేయించు.

పాఠకులకు చెప్పేదీ అదే. వాల్వు కాలిపోతే ఇంకొకటి దొరుకుతుంది. చెవి లోపలి సన్నని రోమకణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు.